పోర్టబుల్ ట్రెడ్‌మిల్: మోసేదెవరు, మోగేదెవరి నెత్తిన?

అమ్మ విశాఖలో ఉన్నన్నాళ్లూ ఆవిడ నడక గురించి మేమెవరం పట్టించుకోలేదు. తెల్లవారుజామున బీచ్ రోడ్డు మీద బళ్లు ఆపేస్తారు. కాళీమాత గుడి దగ్గర మొదలుపెట్టి, సబ్‌మెరైన్ మ్యూజియం దాటేదాకా వెళ్లి, తెలిసినవాళ్లతో రెండు మాటలాడి వెనక్కి వచ్చేసేది. షుగర్‌కి డాక్టరు చెప్పిన నలభై నిమిషాలు అలా కబుర్లలోనే అయిపోయేవి. కిందటేడాది నవంబరులో అక్క దగ్గరికి, షికాగో పక్కనున్న నేపర్‌విల్‌కి వెళ్లింది. నెల తిరక్కుండానే చలి సున్నా కిందకి దిగింది. పేవ్‌మెంట్ మీద మంచు అద్దంలా గడ్డకట్టింది. అరవై ఎనిమిదేళ్ల మనిషి దాని మీద జారిపడితే తుంటి ఎముక సంగతి ఒక ఎత్తు, విజిటర్ ఇన్సూరెన్స్ వాళ్లు ఏది కట్టం అంటారో అన్న టెన్షన్ ఇంకో ఎత్తు. దాంతో అమ్మ ఇంట్లోనే ఉండిపోయింది. పొద్దున్నే గ్లూకోమీటర్ చూపించే అంకె 120ల్లోంచి 160ల్లోకి ఎక్కింది.

"పోర్టబుల్ ట్రెడ్‌మిల్ ఒకటి చూసి చెప్పరా, నువ్వు ఎలక్ట్రికల్ వాడివి కదా" అని అక్క నాకు అప్పజెప్పింది. రెండు రాత్రులు కూర్చుని, 2.5 హెచ్‌పీ మోటారు అని రాసి ఉన్న వాకింగ్ ప్యాడ్ అనే ఒక పల్చటి ట్రెడ్‌మిల్ లింకు పంపాను. పదకొండో రోజుకి అది మళ్లీ డబ్బాలోకి వెళ్లింది. మోటారు పాపం బాగానే తిరిగింది. అది ఏ నేల మీద తిరుగుతుంది, ఏ సాకెట్టుకి తగిలిస్తారు, మెట్లెక్కించేది ఎవరు, దాని మీద నడిచేది ఎవరు అన్నవి మాత్రం నేను అడగలేదు. సొంతింట్లో అయితే ఇవి పెద్ద సమస్యలు కావు. గది మార్చుకుంటాం, కొత్త సాకెట్టు వేయించుకుంటాం. పరాయి చోట, అద్దె ఇంట్లో, ఆరు నెలల కోసం కొనేటప్పుడు మాత్రం ఆ చోటు ఒప్పుకునే మెషీనే మనది.

ఒక మాట, మూడు వస్తువులు

అమ్మేవాళ్లు పోర్టబుల్ అనే పేరు మూడు రకాల వస్తువులకి పెడుతున్నారు. మొదటిది వాకింగ్ ప్యాడ్. పలకలా పల్చగా, 12-15 సెంటీమీటర్ల ఎత్తులో ఉండి మంచం కిందకో సోఫా కిందకో దూరిపోతుంది. బరువు 20 నుంచి 30 కిలోలు. వేగం సాధారణంగా గంటకి 6 కిలోమీటర్లు దాటదు. కొన్నింటికి పైకి లేపే చేతిపిడి ఉంటుంది, చాలావాటికి ఉండదు. రెండోది మడత ట్రెడ్‌మిల్. బెల్టు ఉన్న భాగం పైకి లేచి నిలువుగా నిలబడుతుంది, రెండు చక్రాలుంటాయి. ఇది 40 కిలోల దగ్గర మొదలై 60, 70 దాకా పోతుంది. మూడోది మోటారు లేనిది, కాళ్లతో మనమే బెల్టుని వెనక్కి నెట్టాలి.

మూడోదాని గురించి ముందే తేల్చేస్తాను. కరెంటు అక్కర్లేదు, తేలిక, చవక అని ఇళ్లలో పెద్దవాళ్ల కోసం దీన్నే కొంటుంటారు. మోటారు లేదు కాబట్టి బెల్టు కదలడానికి దాన్ని ముందువైపు ఎత్తుగా, వాలుగా కడతారు. అంటే నడిచినంతసేపూ గుట్ట ఎక్కుతున్నట్టే. పిడిని గట్టిగా పట్టుకుని, నడుం వంచి, మడమతో తోయాలి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి ఇది నడక కాదు, చాకిరీ. వంపు తిరిగిన బెల్టుతో జిమ్ముల్లో కనిపించేవి వేరు జాతి. అవి చాలా మంచివే కానీ బరువు నూరు కిలోల పైమాటే, ధర గురించి మాట్లాడకపోవడమే మేలు.

ఇక మిగిలిన రెండింటిలో పోర్టబుల్ అనేది ఎంతవరకు నిజం? చక్రాలుంటే హాల్లోంచి పడగ్గదిలోకి తోసుకెళ్లగలం, అంతవరకే. అక్కవాళ్లది మూడో అంతస్తు, లిఫ్టు లేదు. డెలివరీ అబ్బాయి డబ్బా కింద తలుపు దగ్గర పెట్టి ఫోటో తీసుకుని వెళ్లిపోయాడు. ప్యాడ్ 27 కిలోలు, డబ్బాతో కలిపి 31. బరువు కన్నా ఆకారంతోనే తంటా. నాలుగున్నర అడుగుల పొడవున్న పలకని మెట్ల మలుపులో తిప్పడానికి బావ, అక్క ఇరవై నిమిషాలు పడ్డారు. దాన్ని వెనక్కి పంపేటప్పుడు మళ్లీ అదే కథ, ఈసారి చిరిగిన డబ్బాతో. అందుకని ఒక సలహా: వాపసు గడువు అయ్యేదాకా డబ్బానీ, లోపలి థర్మాకోల్‌నీ పారేయకండి.

"వెళ్లేటప్పుడు దీన్ని విశాఖ పట్టుకుపోదామా?" అని అమ్మ మొదటి వారంలోనే అడిగింది. నవ్వొచ్చినా, చాలామంది అడిగే ప్రశ్నే ఇది. విమానంలో మామూలు చెకిన్ బ్యాగుకి 23 కిలోలు, పొడవు వెడల్పు ఎత్తు కలిపి 158 సెంటీమీటర్లు అనేది ఎక్కువ ఎయిర్‌లైన్స్ లెక్క. మా ప్యాడ్ కొలతలు కలిపితే 210 దాటాయి. మన రైళ్లలోనైనా వెంట పెట్టుకునే పెట్టె పొడవు 100 సెంటీమీటర్లు మించకూడదు, మించితే లగేజీ వ్యానులో బుక్ చేయాల్సిందే. కాబట్టి ఊరు మారుతూ వెంట తీసుకెళ్లే ట్రెడ్‌మిల్ అనేది నిజానికి లేదు. ఒక చోట దించి, కొన్నాళ్లు వాడి, అక్కడే వదిలేసేది ఉంది. ఈ సంగతి ముందే ఒప్పుకుంటే సగం తప్పులు తప్పుతాయి.

హార్స్‌పవర్ లెక్క, గోడలోని సాకెట్టు

ఎలక్ట్రికల్ వాడిని అయ్యుండి నేను పడ్డ బోల్తా ఇక్కడే. ఒక హార్స్‌పవర్ అంటే 746 వాట్లు. మన ఇళ్లలో వోల్టేజీ 230. చిన్న సాకెట్టు 6 ఆంపియర్లది, గీజరుకీ ఏసీకీ వాడే పెద్దది 16 ఆంపియర్లది. చిన్న సాకెట్టు ఇవ్వగలిగిందంతా కలిపితే 6 ఇంటూ 230, అంటే 1380 వాట్లు, హార్స్‌పవర్లలో 1.85. ఇప్పుడు ఆన్‌లైన్‌లో చూడండి. చిన్న పిన్నుతో వచ్చే మెషీన్ మీద 4 హెచ్‌పీ, 5 హెచ్‌పీ అని రాసి ఉంటుంది. గోడలోంచి రాని పవరు మోటారులోకి ఎక్కడినుంచి వస్తుంది? ఆ అంకె పీక్ పవర్, అంటే క్షణకాలం లాగగలిగే గరిష్ఠం. మనకి కావాల్సింది కంటిన్యూయస్ డ్యూటీ అని రాసే అంకె, గంటసేపు ఆగకుండా ఇవ్వగలిగేది. అది రాయకపోతే మెషీన్ అడుగున ఉండే రేటింగ్ ప్లేట్ ఫోటో అడగండి. దాని మీద వాట్లు ఉంటాయి. ప్రకటన మాటెలా ఉన్నా అసలు రేటింగ్ అదే. 500-750 వాట్లు కనిపిస్తే కంగారు పడక్కర్లేదు, నడకకి అది సరిపోతుంది.

అమెరికాలో లెక్క మారుతుంది. అక్కడ 120 వోల్టులు, మామూలు సర్క్యూట్ 15 ఆంపియర్లది. మొత్తం 1800 వాట్లు. నేను ఎంచిన 2.5 హెచ్‌పీ మోటారుకి 1865 వాట్లు కావాలి. అంటే ఆ గోడ ఇవ్వలేని అంకెని చూసి నేను మురిసిపోయాను. పైగా ఆ 1800 వాట్లు ఒక్క సాకెట్టుకి కాదు, ఆ సర్క్యూట్ మీదున్న సాకెట్లన్నింటికీ కలిపి. అమ్మకి చలెక్కువని ఆ గదిలో 1500 వాట్ల హీటరు పెట్టారు. హీటరు వెలుగుతుండగా ప్యాడ్ మీద నడుస్తోంది, ఠక్కున బ్రేకర్ పడిపోయింది. బెల్టు ఆగిపోయింది, అమ్మ ముందుకి తూలింది. గోడ అందింది కాబట్టి సరిపోయింది. ఆ తర్వాత ప్యాడ్ నడుస్తున్నంతసేపూ హీటర్ బంద్. ఎలాగూ పది నిమిషాల్లో చెమట పట్టేది.

అక్కడి ఇళ్లలో ఇంకో చిక్కుంది. గరాజ్, వంటగది, బాత్రూం సాకెట్లకి జీఎఫ్‌సీఐ, కొత్త ఇళ్ల పడగ్గదులకి ఏఎఫ్‌సీఐ అనే రక్షణ బ్రేకర్లు ఉంటాయి. ట్రెడ్‌మిల్‌లో మోటారు వేగాన్ని నడిపే కంట్రోలర్ పుట్టించే విద్యుత్ గలాటాని ఇవి లోపం అనుకుని పడిపోతుంటాయి. మెషీన్ చెడిపోయిందని వెనక్కి పంపేవాళ్లలో కొందరి అసలు సమస్య ఇదే. వేరే గదిలో సాకెట్టు మార్చి చూడండి. సన్నపాటి ఎక్స్‌టెన్షన్ బాక్సుకి మాత్రం తగిలించకండి, ఏ దేశంలోనైనా.

మన దగ్గర అయితే ఇన్వర్టర్ సంగతి చూసుకోవాలి. అద్దె ఇంట్లో ఏ సాకెట్టు ఇన్వర్టర్ లైను మీద ఉందో మనకి తెలియదు. ఫ్యాన్లకీ లైట్లకీ పెట్టిన 900 వీఏ ఇన్వర్టర్ మీద ట్రెడ్‌మిల్ తిరిగితే అది కూతపెట్టి ఆగుతుంది, కరెంటుని నున్నటి అలలా కాక మెట్లుమెట్లుగా ఇచ్చే స్క్వేర్ వేవ్ రకమైతే కంట్రోలర్ బోర్డుకీ మంచిది కాదు. మెయిన్ ఆఫ్ చేసి ఏ సాకెట్టులో కరెంటు ఉందో ఒకసారి చూసుకుంటే చాలు. మూడో పిన్నుకి ఎర్తింగ్ ఉందో లేదో కూడా చూపించుకోండి. బెల్టు రాపిడికి పుట్టే స్టాటిక్ చార్జీ ఎటో పోవాలి కదా. ఎర్తింగ్ లేకపోతే పిడి ముట్టుకున్నప్పుడల్లా చురుక్కుమంటుంది.

అమెరికాలో కొన్నది ఇక్కడికి ఎందుకు పనికిరాదో ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది. 120 వోల్టుల మెషీన్‌ని 230కి తగిలిస్తే కంట్రోలర్ బోర్డు అక్కడికక్కడే పోతుంది. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టొచ్చు కానీ 1500 వాట్లది పెద్ద ఇటుక లాంటి బరువు, పైగా వారంటీ ఆ దేశంలోనే ఆగిపోతుంది.

మోటారు గురించి ఇంకొక్కటి. మెల్లగా నడిస్తే మోటారుకి సుఖం అనుకుంటాం. బరువైన మనిషి గంటకి 2 కిలోమీటర్ల వేగంతో నడిచినప్పుడే మోటారు ఎక్కువ వేడెక్కుతుంది. అడుగు పడ్డప్పుడల్లా బెల్టు కింది పలకకి అదిమి పట్టుకుంటుంది, దాన్ని లాగడానికి బలం అంతే కావాలి. చాలా మోటార్లలో చల్లబరిచే ఫ్యాన్ అదే ఇరుసుకి ఉంటుంది కాబట్టి వేగం తగ్గితే ఆ గాలీ తగ్గుతుంది. అందుకే గరిష్ఠ బరువు 100 కిలోలు అని రాసిన మెషీన్‌ని 95 కిలోల మనిషికి కొనకూడదు. కనీసం 20 కిలోల తేడా ఉండేలా చూసుకోండి.

కింది ఇంటివాళ్లు

జెట్‌లాగ్ ఎప్పుడో పోయినా, అమ్మ నిద్ర మాత్రం దారికి రాలేదు. తెల్లవారుజామున నాలుగింటికే మెలకువ. విశాఖ అలవాటు ప్రకారం కాఫీ తాగి, నాలుగున్నరకి ప్యాడ్ ఎక్కేసింది. మూడో రోజు తలుపుకి ఒక చీటీ అంటించి ఉంది. మర్యాదగానే రాశారు: మీ ఇంట్లో ఉదయం నాలుగున్నరకి ఏదో కొడుతున్నట్టు శబ్దం వస్తోంది, మా పాప లేచిపోతోంది అని.

మేం ప్రకటనలో చదివింది 45 డెసిబెల్స్, గుసగుస కన్నా కొంచెం ఎక్కువ. నిజమే, పక్కన నిలబడితే మోటారు చప్పుడు అంతే. కింది ఇంటికి వెళ్లేది మోటారు చప్పుడు కాదు, అడుగు. మడమ పడ్డప్పుడల్లా ఆ దెబ్బ ప్యాడ్ కాళ్లలోంచి నేలలోకి దిగుతుంది. మన అపార్ట్‌మెంట్లలో ఐదారు అంగుళాల కాంక్రీటు స్లాబు ఉంటుంది, అది చాలావరకు మింగేస్తుంది. అమెరికాలో మూడు నాలుగు అంతస్తుల అపార్ట్‌మెంట్లు ఎక్కువగా చెక్క దూలాల మీద పలకలు పరిచి కట్టినవి. కింద సీలింగు డప్పు చర్మంలా మోగుతుంది. ఒకే ప్యాడ్ కూకట్‌పల్లిలో పిల్లిలా ఉంటుంది, నేపర్‌విల్‌లో రోకలి పోటవుతుంది.

రబ్బరు మ్యాట్ కొన్నాం. ఒక సెంటీమీటరు మందంది పరిస్తే మోటారు వణుకు తగ్గింది, అడుగు చప్పుడు కొంతే తగ్గింది. ఎక్కువ తేడా వచ్చింది జాగా మార్చినప్పుడు. గది మధ్యలో దూలాలు ఎక్కువ ఊగుతాయి, గోడ మీద ఆనే చోట తక్కువ. హాలు నడిమధ్య నుంచి బయటి గోడ పక్కకి జరిపాక కింది ఇంటావిడ తేడా తెలుస్తోందని చెప్పింది. వేళ కూడా మార్చాం: పొద్దున తొమ్మిది తర్వాత, మధ్యాహ్నం భోజనమయ్యాక. అద్దె ఒప్పందంలో రాత్రి ప్రశాంతంగా ఉంచాల్సిన వేళలు రాసి ఉంటాయి, కొనేముందే ఆ కాగితం ఒకసారి తీసి చదవడం మంచిది. బేస్‌మెంట్ ఉన్న సొంతిల్లో, గ్రౌండ్ ఫ్లోరో అయితే ఈ గొడవే లేదు.

పిడి లేని పలక

వెనక్కి పంపడానికి అసలు కారణం చప్పుడు కాదు. అక్క వీడియో కాల్‌లో చూపించింది. అమ్మ ఒక చేత్తో రిమోట్ పట్టుకుని, స్టార్ట్ నొక్కి, వేగం పెంచడానికి ప్లస్ ఎక్కడుందా అని తల వంచి చూసింది. తల వంగగానే అడుగు చిన్నదైంది, బెల్టు మాత్రం తన వేగాన తను వెళ్తోంది. మూడు అడుగుల్లో ఆవిడ వెనక అంచుకి వచ్చేసింది. "ఒరే, నేను నడుస్తున్నానా, ఇది నన్ను ఈడ్చేస్తోందా?" అని అరుస్తోంది. అక్క పట్టుకోబట్టి సరిపోయింది. ఆ రిమోట్ కింద పడి ఉంటే బెల్టుని ఆపే దారి ప్లగ్ పీకడమే.

ఆ ప్యాడ్లు అసలు తయారైంది ఆఫీసు టేబుల్ కింద పెట్టుకుని, కంప్యూటర్ చూస్తూ మెల్లగా నడిచేవాళ్ల కోసం. వాళ్ల చేతులు టేబుల్ మీద ఉంటాయి, అదే వాళ్ల పిడి. టేబుల్ లేకుండా ఖాళీ గదిలో, పెద్దవాళ్ల కోసం దాన్ని వేస్తే పిడి లేని మెట్లు కట్టినట్టే. మనలో చాలామంది పెద్దవాళ్లు జీవితంలో మొదటిసారి ట్రెడ్‌మిల్ ఎక్కేది గుండె డాక్టరు రాసిన టీఎంటీకి, అంటే ట్రెడ్‌మిల్ మీద నడిపించి గుండె పనితీరు చూసే పరీక్షకి. అక్కడ కూడా ముందు చెప్పే మాట పిడి పట్టుకోండమ్మా అనే. అరవై దాటినవాళ్లకి, బ్యాలెన్స్ సరిగా లేనివాళ్లకి, షుగర్‌తో పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్లకి పిడి లేనిది కొనకండి. ఇందులో నాకు రెండో ఆలోచన లేదు.

పిడి మీద ఎర్రటి సేఫ్టీ కీ ఉందో లేదో కూడా చూడండి. ఒక కొస అయస్కాంతంతో మెషీన్‌కి, ఇంకో కొస క్లిప్పుతో మన బట్టలకి. వెనక్కి జారితే తాడు లాగేసి బెల్టు ఆగిపోతుంది. అమ్మ చీర కొంగుకి పెట్టుకుంటానంది. వద్దని జాకెట్టు భుజానికి పెట్టించాం, కొంగు జారితే కీ కూడా జారుతుంది కదా. ఆ మాటకొస్తే ట్రెడ్‌మిల్ మీద చీర కుచ్చిళ్లే ప్రమాదం. సల్వార్‌కి ఒప్పించడానికి రెండు రోజులు పట్టింది. బూట్లకి ఇంకో రోజు. ఇంట్లో చెప్పులెందుకు అనే మనిషి ఆవిడ.

ఇంట్లో చిన్నపిల్లలుంటే వెనక అంచు గురించి ఆలోచించాలి. 2021 మేలో పెలొటన్ కంపెనీ తన ట్రెడ్ ప్లస్ మోడల్‌ని, దాదాపు 1.25 లక్షల మెషీన్లని, అమెరికా వినియోగదారుల భద్రతా కమిషన్ హెచ్చరిక తర్వాత వెనక్కి పిలిచింది. ఒక పిల్లాడు చనిపోయాడు, పిల్లలూ వస్తువులూ వెనకనుంచి కిందకి లాక్కుపోయిన ఘటనలు 70 దాటాయి. అది పెద్ద, ఎత్తైన మెషీన్, మనం మాట్లాడుకునే ప్యాడ్లు నేలకి దగ్గరగా ఉంటాయి. అయినా తిరిగే బెల్టు చివర చిన్న వేళ్లకి చోటు ఉంటుంది. వాడనప్పుడు ప్లగ్ తీసి, కీ పై అరలో పెట్టడం అక్క ఇంట్లో నియమం. వెనకవైపు రెండు మీటర్లు, పక్కల అర మీటరు చొప్పున ఖాళీ ఉంచమని చాలా మాన్యువల్స్ చెబుతాయి. టీవీ కనిపించాలని ముఖం హాలు వైపు, వీపు గోడకి పెట్టి వేస్తుంటారు. జారిన మనిషి బెల్టుకీ గోడకీ మధ్య ఇరుక్కునేది సరిగ్గా అక్కడే. ముఖం గోడకి ఉంటేనే నయం.

టేపు తీసుకోండి

బెల్టు కొలతలు ఎవరూ చూడరు, మోటారు చూసినంత శ్రద్ధగా. నడిచేటప్పుడు ఒక అడుగు పొడవు మనిషి ఎత్తులో 0.41-0.43 వంతు ఉంటుంది. అమ్మ ఐదడుగుల రెండంగుళాలు, 157 సెంటీమీటర్లు. అడుగు 65, పాదం 24, కలిపి 89. 100 సెంటీమీటర్ల బెల్టు మీద ఇంకా 11 మిగులు. బావ ఐదడుగుల పది, 178 సెంటీమీటర్లు. అడుగు 75, పాదం 27, కలిపి 102. ఆయనకి అదే బెల్టు మీద నడవడం అంటే కాళ్లు ముడుచుకుని నడవడమే. ఇంట్లో అందరూ వాడతాం అని కొనేటప్పుడు అందరికన్నా పొడవైనవాళ్ల లెక్క వేయండి. నడకకి 110-120, పరిగెత్తాలంటే 130-140 సెంటీమీటర్లు. వెడల్పు 40కి తగ్గకూడదు, పెద్దవాళ్లకి 45 ఉంటే ధైర్యంగా అడుగేస్తారు. ప్రకటనలో కనిపించే పెద్ద అంకె మొత్తం మెషీన్ పొడవు. బెల్టు కొలత కింద ఎక్కడో చిన్న అక్షరాల్లో ఉంటుంది.

వేగం గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. బీచ్ రోడ్డు మీద అమ్మ నలభై నిమిషాల్లో రెండున్నర కిలోమీటర్లు నడిచేదని ఫోన్‌లో పాత లెక్క ఉంది. గంటకి 4 కిలోమీటర్ల లోపే. అలాంటప్పుడు 12, 14 అని రాసిన మెషీన్లకి ఎక్కువ డబ్బు పోయడం ఎందుకు? తక్కువ వేగం ఎంత అనేది మాత్రం చూడాలి. గంటకి 0.5 లేదా 1 దగ్గర మొదలై మెల్లగా పెరిగేది కావాలి.

తెర మీద కనిపించే కేలరీల్ని నమ్మకండి. చాలా చవక మెషీన్లు మన బరువు కూడా అడగవు, ఇక లెక్క ఎలా కడతాయి? మామూలు నడకలో 70 కిలోల మనిషి అరగంటకి ఖర్చుపెట్టేది 120 కేలరీల చిల్లర, అంటే రెండు మూడు ఇడ్లీలు, చట్నీ లేకుండా. అయినా అమ్మ విషయంలో కేలరీల కన్నా వేళ ముఖ్యం. భోజనం అయ్యాక పది పదిహేను నిమిషాలు నడిస్తే, తిన్న తర్వాత ఎగిసే షుగర్ తగ్గుతుంది. మూడు పూటలా మంచులో జిమ్ముకి వెళ్లడం కుదిరే పని కాదు. గదిలో మెషీన్ ఉండటం వల్ల వచ్చిన నిజమైన లాభం ఇదొక్కటే అని నా లెక్క. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పిన వారానికి 150 నిమిషాలు ఇలా ముక్కలు ముక్కలుగానే పూర్తవుతాయి. అదే సంస్థ 65 దాటినవాళ్లు వారానికి మూడు రోజులు బ్యాలెన్స్, కండబలం పెంచే వ్యాయామాలు కూడా చేయాలంది. ఆ పని ట్రెడ్‌మిల్ చేయదు.

కొనకుండా కుదురుతుందా?

నేను మొదట అడగాల్సిన ప్రశ్న చివరికి అడిగాను. అమెరికాలో చాలా అపార్ట్‌మెంట్ సముదాయాల్లో అద్దెలోనే జిమ్ కలిసి ఉంటుంది, అక్కడ గట్టి పిడులున్న పెద్ద ట్రెడ్‌మిళ్లు ఉంటాయి. అక్కవాళ్లకీ ఉంది, రెండు బిల్డింగులు అవతల. ఎండ కాసిన రోజుల్లో సరే, మంచు పడ్డ రోజు ఆ రెండు బిల్డింగుల దూరమే గండం. షాపింగ్ మాల్స్‌లో పొద్దున్నే నడిచే పెద్దవాళ్ల గుంపులు ఆ దేశంలో మామూలు. వారాంతాల్లో బావ అమ్మని అక్కడ దింపేవాడు. ఆ రోజుల్లో ఆవిడ మొహమే వేరు, మనుషులు కనిపించారుగా.

హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉద్యోగం కోసం గది తీసుకున్నవాళ్ల లెక్క ఇంకోలా ఉంటుంది. ఇల్లు మారతామో, ప్రాజెక్టు మారుతుందో తెలియదు. అక్కడ ఫర్నిచర్ అద్దెకిచ్చే సంస్థలే ట్రెడ్‌మిళ్లు కూడా నెలవారీ అద్దెకిస్తాయి, తెచ్చి బిగించి, చెడితే మార్చి, చివర్లో తీసుకుపోతాయి. మెట్ల మీద మోసే బాధ వాళ్లది. అద్దె, డిపాజిట్ మీద వడ్డీ, రాకపోకల ఖర్చు కలిపి మీరు ఉండే కాలానికి లెక్కేయండి. కొత్తదాని ధరలో సగం దాటకపోతే అద్దెకే తీసుకోండి. పీజీల్లో ఉండేవాళ్లు మాత్రం దీని జోలికి పోకుండా ఉంటే మంచిది. గదిలో మంచాల మధ్య జాగా చూశాక ఆ రెండు మీటర్ల నియమం గుర్తు చేసుకోండి చాలు.

సెకండ్‌హ్యాండ్ ఇంకో దారి. జనవరిలో కొత్త సంవత్సరం తీర్మానాలతో కొన్నవి మార్చికల్లా బట్టలారేసుకునే దండేలవుతాయి. చూడ్డానికి వెళ్లినప్పుడు ఊరికే ఆన్ చేసి దిగిపోకండి. మీరే ఎక్కి, మెల్లటి వేగంలో పది నిమిషాలు నడవండి. అడుగు వేసినప్పుడు బెల్టు క్షణం ఆగి మళ్లీ కదులుతోందంటే బెల్టు వదులై ఉండాలి లేదా మోటారు అలిసిపోయి ఉండాలి. మోటారు మూత దగ్గర కాలిన వాసన వస్తే నమస్కారం పెట్టి వచ్చేయండి. బెల్టు అంచు ఎత్తి చేయి పెట్టి చూస్తే కింది పలక నున్నగా, కాస్త జిడ్డుగా తగలాలి. పొడిగా గరుకుగా ఉంటే సిలికాన్ ఆయిల్ ఎన్నడూ వేయలేదని అర్థం.

ఆ ఆయిల్ వేయడం రెండు మూడు నెలలకోసారి ఐదు నిమిషాల పని. సిలికాన్‌దే కావాలి, కొబ్బరినూనె, కుట్టుమిషన్ నూనె వేస్తే బెల్టు పాడవుతుంది. బెల్టు ఎడమకి పోతుంటే వెనకనున్న ఎడమ బోల్టుని అలెన్ కీతో పావు చుట్టు బిగించండి, రెండు నిమిషాలు తిరగనిచ్చి చూడండి. కుడికి పోతే కుడిది. ఒకేసారి అర చుట్టు తిప్పినవాళ్లు తర్వాత మెకానిక్ కోసం వెతుక్కుంటారు.

రెండోసారి మేం తీసుకున్నది పిడి ఉన్న మడత రకం, బెల్టు 110 సెంటీమీటర్లు, బరువు 41 కిలోలు, పక్క వీధిలో ఒకాయన వాడి అమ్మేసింది, 140 డాలర్లు. హెచ్‌పీ ఎంతో నేను అడగలేదు. అమ్మ మొదటి వారం పది నిమిషాలు, ఫిబ్రవరికి పూటకి పదిహేను చొప్పున మూడు పూటలు. దిగగానే నేల కదులుతున్నట్టుందని రెండు రోజులు భయపడింది. అది మామూలే, చివరి రెండు నిమిషాలు వేగం తగ్గించుకుంటూ వచ్చి, ఆగాక పిడి పట్టుకుని అరనిమిషం నిలబడితే సర్దుకుంటుంది.

ఏప్రిల్ చివర్లో అమ్మ తిరుగు ప్రయాణం. అక్క ఆ మెషీన్ ఫోటో వాళ్ల తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో పెట్టింది, 120 డాలర్లు అని. గంటలో ఒకాయన ఫోన్ చేశాడు. రాజమండ్రి నుంచి ఆయన అత్తామామలు వచ్చే వారం దిగుతున్నారట. ఆయన మోటారు గురించి ఒక్క ముక్క అడగలేదు. "మీది ఎన్నో ఫ్లోరండీ? లిఫ్టు ఉందా?" అన్నాడు.